బడి కబురు ఇంటికి చేరాలంటే

(బీదర్‌లో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఏటా మాస్టారి జ్ఞాపకార్థం జరిగే ఈ సభలో ఆయన లెక్కలు చెప్పిన తీరు గురించో, ఆయన దగ్గర చదివి పైకొచ్చినవాళ్ల గురించో మాట్లాడుకోవడం ఆనవాయితీ. హెడ్‌మాస్టరుగా ఉన్నప్పుడు ఆయన రాసుకున్న ఒక రిజిస్టరు గురించి ఇంతవరకూ ఎవరూ పెద్దగా చెప్పలేదు. ఆయన కింద పనిచేసినవాణ్ణి కాబట్టి దాన్ని దగ్గర నుంచి చూశాను. ఇవాళ నా మాటలన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

అది పిల్లల హాజరు పట్టీ కాదు, ఇళ్ల పట్టీ. ఎనిమిది దాటి తొమ్మిదిలోకి వచ్చిన ప్రతి విద్యార్థికీ అందులో ఎదురెదురుగా రెండు పేజీలు. ఎడమ పేజీలో మార్కులు, నాగాలు. కుడి పేజీలో ఇంటి సంగతులు: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, చదవగలిగినవాళ్లు ఎవరు, ఏ నెలల్లో ఊళ్లో ఉండరు, కబురు ఎవరికి చెప్పాలి, ఏ వేళకు చెబితే అందుతుంది. ఒక పేజీలో ఇలా ఉండేది: "తెలుగు. తండ్రి హైదరాబాద్‌లో సెంట్రింగు పని. తల్లికి చదువు రాదు. మేనమామకు చెప్పాలి, రాత్రి ఎనిమిది తర్వాత." ఇంకో పేజీలో: "లంబాణీ. దీపావళి దాటాక చెరకు కోతలకు పోతారు. పిల్లాడు నాయనమ్మ దగ్గర. ఆమెకు వినపడదు, పక్కింటి అంగన్‌వాడీ టీచరుకు చెప్పాలి." ఇలా రాయమని ఆయనకు ఏ సర్కులరూ రాలేదు. జూన్, జూలై నెలల్లో సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి ఆ కుడి పేజీలు నింపుకునేవారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హైస్కూలు పిల్లల తల్లిదండ్రులు బడికి దూరమయ్యారంటే శ్రద్ధ లేక కాదు. సరిగ్గా తొమ్మిదో తరగతి దగ్గర చట్టం, చదువు, పిల్లల వయసు కలిసి వాళ్లను బయటికి నెడుతున్నాయి. అలా బయటపడ్డవాళ్లను తిరిగి లోపలికి పిలవాల్సిన బాధ్యత బడిది. ముందు చెప్పాలి, ఆ తర్వాత అడగాలి.

తొమ్మిదో తరగతి దగ్గర ఏం జరుగుతోంది

ముందు చట్టం సంగతి. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధుల్లో ఇంకో మాట చేర్చింది: తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరపాలి, బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి, తెలియాల్సిన ఇతర సంగతులు వాళ్లకు చెప్పాలి. కర్ణాటక అయితే అంతకు చాలా ముందే, డాక్టర్ రాజా రామన్న అధ్యక్షతన పనిచేసిన విద్యా కార్యదళం సిఫారసుల వెంట, 2001లోనే ప్రభుత్వ బడులకు ఎస్‌డీఎంసీలు, అంటే బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలు, ఏర్పాటు చేసింది. మనం గర్వంగా చెప్పుకోదగిన సంగతి ఇది.

కానీ విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే, ఎనిమిదో తరగతి వరకే. హైస్కూళ్లలో 2009 నాటి మాధ్యమిక శిక్షా అభియాన్ కిందా, 2018 నుంచి సమగ్ర శిక్షా కిందా కమిటీలు పెట్టారు, నిజమే. అయితే నా బిడ్డ ఎలా చదువుతోందో నాకు చెప్పడం మీ విధి అని టీచరును చట్టం చూపించి అడగగలిగిన బలం తల్లికి ఎనిమిదో తరగతి ఆఖరి రోజుతో పోతోంది.

రెండోది చదువు. 2011 జనాభా లెక్కల్లో బీదర్ జిల్లా అక్షరాస్యత సుమారు 70 శాతం, స్త్రీలలో 61 శాతం దగ్గర. ఇవాళ పదో తరగతి చదివే పిల్లల తల్లులు చాలామంది ఆ మిగిలిన భాగంలోని వాళ్లే. అయిదు దాకా చదువుకున్న తల్లి మూడో తరగతి పిల్లాడి నోట్‌బుక్ తిప్పి ఎక్కం తప్పుంటే పట్టుకుంటుంది. తొమ్మిదో తరగతి బీజగణితం ముందు పుస్తకం మూసేస్తుంది. "ఇగ మాకేం తెలుస్తది సారూ, మీరే చూసుకోవాలె" అంటుంది. ఆ మాటను మనం వినయమనుకుని ఊరుకుంటున్నాం. ఆమె ఆ రోజుతో తప్పుకుంటోందని గ్రహించడం లేదు.

మూడోది వయసు. పదేళ్ల పిల్ల బడి నుంచి రాగానే టీచరు కట్టిన చీర రంగుతో సహా చెబుతుంది. పదిహేనేళ్ల పిల్ల "ఏం లేదు" అంటుంది. ఆ వయసుకు అది సహజం. మనం చేసే పొరపాటల్లా ఆ పిల్లనే బడికీ ఇంటికీ మధ్య కబురు మోసే మనిషిగా ఉంచడం. నాగాలు పెట్టిన పిల్లాడి చేతికే నాగాల చీటీ ఇచ్చి పంపుతున్నాం.

ఇంటి భాష, బడి భాష

బీదర్‌లో ఈ చిక్కు రెట్టింపు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ జిల్లాను కూడా పంచారు. బీదర్, భాల్కి, హుమ్నాబాద్, ఔరాద్, బసవకల్యాణ్ మైసూరు రాష్ట్రానికి వచ్చాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. చుట్టరికాలు మాత్రం పటంలో గీత గీసినంత మాత్రాన తెగవు. ఇవాళ్టికీ అటు పిల్ల ఇటు కోడలిగా వస్తుంది. ఒకే తరగతి గదిలో కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు, లంబాణీ మాట్లాడే ఇళ్ల పిల్లలు కలిసి కూర్చుంటారు. పదో తరగతి పరీక్ష అయిన ఎస్‌ఎస్‌ఎల్‌సీలో తెలుగును ప్రథమ భాషగా తీసుకునే వీలు కర్ణాటకలో ఉంది కానీ, మన తెలుగు ఇళ్ల పిల్లల్లో ఎక్కువమంది కన్నడ మాధ్యమంలోనో ఇంగ్లీషు మాధ్యమంలోనో ఉన్నారు. వాళ్లు చక్కగా కన్నడం నేర్చుకుంటున్నారు, అది మంచిదే. వాళ్ల అమ్మలకు మాత్రం కన్నడం సంతలో బేరమాడేంత వచ్చు, అచ్చులో చదివేంత రాదు.

అప్పుడేమవుతుంది? హెడ్‌మాస్టరు కన్నడంలో మాట్లాడతారు. తండ్రి కొడుకు వైపు తిరిగి, "సారు ఏమంటుండ్రు?" అంటాడు. కొడుకు, "మంచిగనే చదువుతుండు అంటుండ్రు" అంటాడు. అక్కడ సారు చెప్పింది మాత్రం నెలలో తొమ్మిది నాగాలు, లెక్కల్లో తప్పడం. ఆ తండ్రి నవ్వుతూ దండం పెట్టి వెళ్లిపోతాడు. ఈ దృశ్యం చూడని టీచరు ఈ జిల్లాలో లేరనుకుంటాను. ఏ పిల్లాణ్ణీ తన తల్లిదండ్రులకు దుబాసీగా కూర్చోబెట్టకూడదు. ఆ పని చేయడానికి అదే బస్తీలో రెండు భాషలు వచ్చిన ఇంకో తల్లి ఉంటుంది, అంగన్‌వాడీ టీచరు ఉంటుంది, ఆ బడిలోనే చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్న అమ్మాయి ఉంటుంది. మాస్టారు వాళ్ల పేర్లు కూడా కుడి పేజీలోనే రాసుకునేవారు.

వాట్సాప్ వచ్చాక ఈ బాధ తీరిందని కొందరంటారు. గ్రూపు పెట్టడం మంచిదే. కానీ ఇంట్లో ఉండే ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి పోతుంది, లేకపోతే పిల్లాడి చేతిలో ఉంటుంది. గ్రూపులో పడిన కన్నడ నోటీసును ముందు చూసేది, ఒక్కోసారి చెరిపేసేది కూడా వాడే. అచ్చు నోటీసు కన్నా ఒక నిమిషం మాట రికార్డు చేసి పంపితే మేలు. తెలుగులో ఒకటి, దక్కనీలో ఒకటి, మరాఠీలో ఒకటి, లంబాణీలో ఒకటి. బడిలో ఆ భాషలు వచ్చిన టీచర్లూ సిబ్బందీ ఎలాగూ ఉంటారు. మార్కులూ నాగాలూ మాత్రం గ్రూపులో పెట్టకూడదు. అవి ఒక్కొక్కరికీ విడిగా ఫోను చేసి చెప్పాల్సినవి.

ఏ సంగతి ఎప్పుడు చెప్పాలి

తల్లిదండ్రులకు తెలియాల్సిన సంగతులు హైస్కూల్లో తక్కువేమీ కాదు. సకాలంలో తెలియకపోతే తిరిగి దక్కనివి ఉన్నాయి. కొన్ని చెబుతాను.

ఎస్‌ఎస్‌ఎల్‌సీ మొత్తం 625 మార్కులు. ప్రథమ భాషకు 125, మిగతా అయిదు సబ్జెక్టులకు వందేసి. ఆ వందలో 20 మార్కులు ఏడాది పొడుగునా బడిలోనే పడతాయి, పరీక్షకు 80. అంటే పరీక్ష మార్చిలో మొదలవదు, జూన్‌లోనే మొదలవుతుంది. ఈ సంగతి జూన్‌లో తెలిసిన తల్లి, పొలం పనికి పిల్లను ఆపే ముందు ఒకసారి ఆలోచిస్తుంది. ఫిబ్రవరిలో తెలిస్తే ఆమె చేయగలిగింది ఏమీ ఉండదు.

2023-24లో మన బోర్డు ఏడాదికి ఒకటికి మించి పరీక్షలు పెట్టే పద్ధతి మొదలుపెట్టింది. మొదటిదాంట్లో తప్పినవాళ్లు అదే ఏడాది మళ్లీ రాయవచ్చు. పాసైనవాళ్లు కూడా మార్కులు పెంచుకోవడానికి రాయవచ్చు, వాటిలో మెరుగైనవే నిలుస్తాయి. కానీ మొదటి ఫలితం వచ్చిన రోజే చాలా ఇళ్లలో తీర్పు అయిపోతోంది. అబ్బాయి పుణే బండి ఎక్కుతున్నాడు, అమ్మాయికి సంబంధం చూస్తున్నారు. తలుపు మళ్లీ తెరుచుకుంటుందని ఆ ఇంటికి ఎవరూ చెప్పలేదు. 2024లో పరీక్ష గదులకు వెబ్ కెమెరాలు పెట్టాక రాష్ట్ర ఉత్తీర్ణత 83.89 శాతం నుంచి 73.40కి పడింది. ఉడుపి 94 శాతంతో ముందుంటే, యాదగిరి 50.59తో చివర నిలిచింది. బీదర్ కూడా ఉన్న మన కల్యాణ కర్ణాటక ప్రాంతపు జిల్లాలు పట్టిక అడుగునే ఉన్నాయి. ఇంతమంది తప్పుతున్న చోట రెండో పరీక్ష కబురు ఇళ్లకు చేరకపోవడం చిన్న లోపం కాదు.

అదే 2024 మార్చిలో తొమ్మిదో తరగతి పిల్లలు పడ్డ పాట్లు గుర్తు చేసుకోండి. బోర్డు స్థాయి పరీక్ష అన్నారు. హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం కొట్టేసింది, మర్నాడే డివిజన్ బెంచి ఆ తీర్పును ఆపింది. పరీక్షలు మొదలయ్యాక సుప్రీంకోర్టు జోక్యంతో మధ్యలో ఆగాయి, మళ్లీ డివిజన్ బెంచి సరేనన్నాక సాగాయి. ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఫలితాలు నిలిపేసింది. నెల రోజుల్లో ఇన్ని మలుపులు. తల్లిదండ్రులకు ఇవన్నీ టీవీల్లో, సగం సగం తెలిశాయి. రేపు పరీక్ష ఉందా లేదా అని హోటలు దగ్గర పత్రిక చదివేవాణ్ణి అడిగిన తండ్రులున్నారు. కోర్టుల్లో జరిగేది బడి చేతిలో లేదు. ఇవాళ్టికి మాకు తెలిసింది ఇంత, రేపు సాయంత్రం మళ్లీ చెబుతాం అనే మాట మాత్రం బడి చేతిలోనే ఉంది. అనిశ్చితి ఉన్నప్పుడే కబురు ఎక్కువగా కావాలి.

ఇంకో రెండు సంగతులు. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి ఎంపికైన పిల్లలకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్పు వస్తుంది. దాన్ని ఏటేటా పోర్టల్‌లో రెన్యువల్ చేయించుకోవాలి. గడువు తేదీ తెలియక పోగొట్టుకోవడం కన్నా అన్యాయం ఉండదు. రెండోది 371జె. 98వ రాజ్యాంగ సవరణతో మన ప్రాంతానికి వచ్చిన ఈ అధికరణం వల్ల ఇక్కడి విద్యాసంస్థల్లో 70 శాతం, రాష్ట్రంలోని మిగతాచోట్ల 8 శాతం సీట్లు మన పిల్లలకు ప్రత్యేకంగా ఉన్నాయి. దానికి అర్హతా పత్రం కావాలి, ఆ పత్రానికి పాత కాగితాలు కావాలి. పీయూసీ అయ్యాక అడ్మిషన్ల వేళ ఆఫీసుల చుట్టూ పరుగెత్తేకన్నా తొమ్మిదో తరగతి జూన్‌లోనే ఏయే కాగితాలు దాచుకోవాలో చెబితే ఆ ఇంటికి నాలుగేళ్ల సమయం దొరుకుతుంది.

మీటింగు జరిగే తీరు

ఇప్పుడు పేరెంట్స్ మీటింగు. ఒక హైస్కూల్లో చూసింది చెబుతాను. తొమ్మిదో తరగతి గది. పిల్లల బెంచీల్లో ఇరుక్కుని తండ్రులు, గుమ్మం దగ్గర నేల మీద తల్లులు. క్లాస్ టీచరు పేరు పిలిచి అందరి ముందూ మార్కులు చదువుతున్నారు. లెక్కలు పదకొండు, సైన్సు తొమ్మిది. పేరు వినగానే ఒక తండ్రి లేచి నిలబడి తల దించుకున్నాడు. సంతకం, లేదా వేలిముద్ర. తర్వాతి పేరు. అరగంటలో గది ఖాళీ. వెళ్లబోతూ ఒకామె ఆగి, "మా పోరి క్లాసుల అందరితోని కలుస్తదా సార్? ఇంట్ల మాట్లాడుడు తక్కువ చేసింది" అంది. ఆ పూట అడిగిన ఒకే ఒక్క ప్రశ్న అది. టీచరు చేతిలోని కాగితంలో దానికి జవాబు లేదు. ఆయన అప్పటికే తర్వాతి పేరు పిలిచేశారు.

పదిమందిలో అవమానపడ్డ తండ్రి రెండోసారి రాడు. ఇంటికెళ్లి ఆ కోపం పిల్లాడి మీద చూపిస్తాడు. మీటింగుకు తల్లిదండ్రులు రావడం లేదని మనం చెప్పుకునే ఫిర్యాదులో సగానికి కారణం ఇదే.

మాస్టారి పద్ధతి వేరుగా ఉండేది. వరండాలో బల్ల వేయించేవారు. ఒక్కో ఇంటికి అయిదు నిమిషాలు. విద్యార్థి కూడా పక్కనే కూర్చోవాలి. ముందు ఆ పిల్ల బాగా చేసిన పని ఒకటి, పేరు పెట్టి చెప్పేవారు. తర్వాత ఇబ్బంది ఒకటే చెప్పేవారు, పది చెప్పేవారు కాదు. చివర్లో ఇంట్లో చేయగలిగిన పని ఒకటి అప్పగించేవారు. చదువు రాని తల్లికి కూడా చేయగలిగిన పనే చెప్పేవారు: రాత్రి భోజనాల వేళ ఇవాళ బడిలో ఏం విన్నావో మన భాషలో చెప్పమని అడుగు, నీకు అర్థమయ్యేదాకా వదలకు. తనకు అర్థమైతే తప్ప పిల్ల తల్లికి అర్థమయ్యేలా చెప్పలేదు. త్రికోణమితి తెలియని తల్లి కూడా చదువులో ఇలా భాగం పంచుకోగలదు.

మీటింగు ఏ రోజు పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిందే. సోయా కోతలప్పుడు, కంది కోతలప్పుడు ఉదయం పదకొండుకు రమ్మంటే కూలి పోతుంది. ఎళ్ళ అమావాస్య పండుగ నాడు ఇంటిల్లిపాదీ చేనులోనే ఉంటారు. రమ్మన్న రోజే రాకపోతే శ్రద్ధ లేదంటాం, ఆ రోజును మనం ఎలా నిర్ణయించామో చూసుకోం.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేసారి తల్లిదండ్రుల సమావేశాలు జరిపారు. ముఖ్యమంత్రి బాపట్లలో ఒక హైస్కూల్లో కూర్చున్నారు. 2025 జూలై 10న జూనియర్ కాలేజీలనూ కలుపుకుని మళ్లీ జరిపారు. మన రాష్ట్రంలో సముదాయదత్త శాలె పేరుతో పిల్లల ప్రగతిని తల్లిదండ్రుల ముందుంచే కార్యక్రమం ఏళ్ల తరబడి ఉంది. ఇలాంటి పెద్ద రోజులు అవసరమే. బడి మనది అనే భావన ఊరికి వస్తుంది. కానీ పండుగ ఏడాదికి ఒకటి రెండుసార్లే. నాగా ఏ వారమైనా పడవచ్చు.

ఈ విషయంలో బయటి దేశాల అనుభవం మనకు పనికొస్తుంది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో పిల్లలు చేయని హోంవర్కుల వివరాలు తల్లిదండ్రుల ఫోన్లకు పంపి చూశారు. చిలీలో హాజరు, మార్కులు, నడవడిక గురించి మెసేజీలు పంపారు. రెండుచోట్లా పిల్లల చదువు మెరుగుపడింది. మన దేశంలోనే ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఆర్థికవేత్తలు, ప్రథమ్ సంస్థ కలిసి ఒక ప్రయోగం చేశారు. మీ ఊళ్లో విద్యా కమిటీ ఉంది, మీకు ఈ హక్కులున్నాయి అని సభలు పెట్టి చెప్పారు. దానివల్ల బడి మారలేదు, పిల్లల చదువూ మారలేదు. ఊరి యువకులకు పిల్లల చేత చదివించడం ఎలాగో నేర్పినచోట మాత్రం మార్పు కనిపించింది. నాకు తోచిన పాఠం ఇది: కమిటీ ఉందని చెబితే ఎవరూ కదలరు. నీ బిడ్డ పరిస్థితి ఇది, నువ్వు చేయగలిగింది ఇది అని చెబితే కదులుతారు.

అన్నీ చెప్పకూడదు

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ సభలో కూర్చున్న ఉపాధ్యాయులకు ముఖ్యంగా చెబుతున్నాను. హైస్కూలు పిల్లల సంగతులన్నీ ఇంటికి మోయడం మంచిది కాదు. పదో తరగతి అమ్మాయి పుస్తకంలో ఉత్తరం దొరికిందని తండ్రికి ఫోను చేశారనుకోండి. మీరు క్రమశిక్షణ అనుకుంటారు. ఆ ఇంట్లో మర్నాడు ఆమె బడి ఆగిపోతుంది, వేసవిలోగా పెళ్లి అయిపోతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్ల పెళ్లి 2006 చట్టం ప్రకారం నేరం. అయినా మన ప్రాంతంలో అవి జరుగుతున్నాయని మనందరికీ తెలుసు. చెప్పిన మాట వల్ల ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించలేని టీచరు ఆ మాట చెప్పడానికి అర్హుడు కాడు.

అందుకే విద్యార్థి పక్కన లేకుండా మాట్లాడకూడదన్నది మాస్టారి నియమం. ఏం చెప్పబోతున్నామో ముందు ఆ పిల్లకు చెప్పాలి. పిల్లకు ప్రమాదం ఉన్న సంగతి అయితే దాచకూడదు, కానీ అది ఎవరికి చెప్పాలో ఆలోచించాలి. తండ్రికా, తల్లికా, అమ్మమ్మకా, పిల్లల సంరక్షణ అధికారులకా? పదిహేనేళ్ల మనిషికి కొంత సొంత జీవితం ఉంటుంది. దాన్ని గౌరవించినప్పుడే ఆ పిల్ల మన ముందు, అమ్మానాన్నల ముందు నోరు విప్పుతుంది.

చెప్పాక అడగాలి

తెలియజేయడం పనిలో సగమే. మనం తల్లిదండ్రులను దేనికి పిలుస్తున్నాం? సంతకానికి, చందాకు, ఆగస్టు పదిహేనుకు. వాళ్ల నిర్ణయం అడగడానికి పిలవడం లేదు. పదో తరగతి స్పెషల్ క్లాసులు పొద్దున పెట్టాలా, సాయంత్రం పెట్టాలా? సాయంత్రమైతే తండాకు తిరిగి వెళ్లే అమ్మాయిలకు తోడు ఎవరు? ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా? వీటికి జవాబు హెడ్‌మాస్టరు కన్నా తల్లులకే బాగా తెలుసు. వాళ్లు చెప్పింది ఎస్‌డీఎంసీ పుస్తకంలో రాయాలి, తర్వాతి మీటింగులో మొదట ఆ పేజీయే చదివి వినిపించాలి. పోయినసారి మీరు అడిగింది ఇది, చేసింది ఇది, చేయలేనిది ఇది, ఎందుకు చేయలేదంటే ఇందుకు అని. ఇలా రెండుసార్లు జరిగిందంటే మూడోసారి పిలవక్కర్లేదు, వాళ్లే వస్తారు.

అడగాల్సింది సౌకర్యాల గురించే కాదు. ఈ ఊళ్లో బిద్రీ పనివాళ్ల పిల్లలు బడికి వస్తున్నారు. పదో తరగతి సైన్సులో లోహాలు, అలోహాల పాఠం ఉంది. జింకు, రాగి కలిపిన మిశ్రలోహాన్ని పోత పోయడం, దానిలో వెండి తీగ పొదగడం, కోట మట్టీ నవాసారం కలిపిన ద్రావణంలో ముంచితే మిశ్రలోహం నల్లబడి వెండి మాత్రం మెరుస్తూ నిలవడం ఆ తండ్రి చేతులకు తెలిసిన రసాయనశాస్త్రం. 2006లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన విద్య అది. ఆయన్ను తరగతిలోకి పిలిచి ఒక గంట చూపించమంటే, ఆ రోజు ఆయన కొడుకు బెంచీలో ఎలా కూర్చుంటాడో చూడండి. విత్తనాల గురించి, మట్టి గురించి చెప్పగలిగిన రైతులున్నారు. చదువు రాని తండ్రికి బడిలో చోటు లేదనుకోవడం మన ఊహ లోపం.

ఇది ఈ నేలకు కొత్తేమీ కాదు. పన్నెండో శతాబ్దంలో ఇక్కడి బసవకల్యాణంలో అనుభవ మంటపం పేరిట సాగిన గోష్ఠుల్లో చాకలి మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, అక్క మహాదేవి పండితులతో సమానంగా మాట్లాడారు. బసవన్న కథను ద్విపద కావ్యంగా రాసి తెలుగువాళ్లకిచ్చిన పాల్కురికి సోమనాథుడు మనవాడు. ఆ తెలుగు కావ్యాన్ని భీమకవి కన్నడంలోకి తెచ్చుకున్నాడు. ఒకరి మాట ఇంకొకరి భాషలోకి తెచ్చుకోవడం, వృత్తి చూసి మనిషిని తక్కువ చేయకపోవడం ఈ ప్రాంతానికి తెలిసిన విద్యలే.

చేయాల్సిన పనులు

ఇవన్నీ ఎవరు చేస్తారు, మాకు టైమెక్కడిది అని ఉపాధ్యాయ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఖాళీ పోస్టులున్నాయి, పోర్టల్‌లో నింపాల్సిన వివరాలు ఉన్నాయి, ఎన్నికల డ్యూటీలు ఉన్నాయి. మాస్టారిలాగా సాయంత్రాలన్నీ ఇచ్చేయమని నేను ఎవరినీ అడగను. ఒకరి త్యాగం మీద నడిచేది పద్ధతి కాదు, ఆయన రిటైరైన ఏడాదే ఆ ఇళ్ల పట్టీ ఆగిపోయింది. కాబట్టి దాన్ని టైంటేబుల్లో పెట్టాలి. ప్రతి హైస్కూలు క్లాస్ టీచరుకూ వారంలో రెండు పీరియడ్లు ఇళ్లతో మాట్లాడటానికి కేటాయించాలి. వరసగా మూడో నాగా పడిన రోజే ఫోను వెళ్లాలి. ఆ ఫోను ఖర్చు, ఇళ్లకు వెళ్లే బస్సు ఛార్జీ టీచరు జేబులోంచి పోకూడదు. కల్యాణ కర్ణాటక ప్రాంతీయ అభివృద్ధి మండలి భవనాలకు డబ్బు ఇస్తోంది, ఇవ్వాల్సిందే. అందులో కొంత ఈ పనికి కూడా ఇవ్వాలి. రెండు మూడు భాషలు వచ్చిన స్థానిక యువతిని ఒక్కో హైస్కూలుకు ఒకరిని, ఇంటికీ బడికీ మధ్య తిరిగే పనికి నియమించాలని ప్రజాప్రతినిధులను కోరుతున్నాను.

తల్లిదండ్రులకు ఒక మాట. మీటింగుకు వచ్చినప్పుడు "మా పోరడు పాసైతడా" అని మాత్రమే అడిగి ఆగకండి. ఏ సబ్జెక్టులో వెనకబడ్డాడు, ఎప్పటి నుంచి, బడి ఏం చేస్తోంది, నేనేం చేయాలి అని అడగండి. తెలుగులో అడగండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. అందులో తలవంపులేమీ లేవు. జవాబు చెప్పడం మా పని.

చివరిగా ప్రభుత్వానికి. కస్తూరి రంగన్ కమిటీ 2019లో ఇచ్చిన విద్యా విధానం ముసాయిదా, విద్యాహక్కు చట్టాన్ని మూడు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా విస్తరించాలంది. చట్టం మాత్రం ఇప్పటికీ పద్నాలుగేళ్ల దగ్గరే ఆగి ఉంది. దాన్ని సవరించడం ఢిల్లీ పని. ఆ సవరణ వచ్చేదాకా 24వ సెక్షన్ ఉపాధ్యాయుల మీద పెట్టిన విధిని తొమ్మిది, పది తరగతులకూ వర్తింపజేస్తూ రాష్ట్ర విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. 2001లో దేశానికన్నా ముందు అడుగు వేసిన కర్ణాటకకు అది అసాధ్యం కాదు. ఈ సభ తరఫున ఆ కోరికను జిల్లా విద్యాశాఖ ఉపనిర్దేశకుల ద్వారా బెంగళూరుకు పంపాలని ప్రతిపాదిస్తున్నాను. మీరు అంగీకరిస్తే ఆ అర్జీ మీద మొదటి సంతకాలు ఇవాళ ఇక్కడికి వచ్చిన తల్లులవి కావాలి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేసే ముందు, ఆ అర్జీని వాళ్ల భాషలో పూర్తిగా చదివి వినిపిద్దాం.